మన మాట వాళ్లకు చేరుతోంది, వాళ్ల మాట మనకెందుకు చేరట్లేదు?

(బేస్ స్టేషన్‌కూ, అంటే కేంద్రంలోని రేడియో సెట్‌కూ, హ్యాండీకీ, అంటే చేతిలో పట్టుకునే వాకీటాకీకీ మధ్య రేంజ్ తేడా గురించి వాలంటీర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తుఫాన్ల కాలం మొదలవకముందే ఇలా ఒకచోట కూర్చోవడం మంచిదైంది. ఇక్కడ హ్యామ్ లైసెన్స్, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపేందుకు అనుమతి, ఉన్నవాళ్లున్నారు, పరీక్ష రాసి ఎదురుచూస్తున్నవాళ్లున్నారు, రోజూ వైర్‌లెస్ సెట్ ముందు కూర్చునే కంట్రోల్ రూమ్ సిబ్బందీ ఉన్నారు. అందుకని లెక్కలు అవసరమైనంత వరకే చెప్పి, చేత్తో చేసి చూసుకునే పనుల గురించి ఎక్కువ మాట్లాడతాను.

మన సమస్య ఇది. బేస్‌లో కూర్చున్న మనిషి మాట్లాడితే పన్నెండు కిలోమీటర్ల అవతల లంకలో ఉన్న హ్యాండీలో ఖంగుమని వినిపిస్తుంది. ఆ లంకలో ఉన్న కుర్రాడు జవాబు చెబితే బేస్‌లో ఏమీ రాదు. ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికే వాళ్ల గొంతు తెగిపోతుంది. బేస్ ఆపరేటర్ మాత్రం, 'వినిపిస్తే జవాబివ్వండి, వినిపిస్తే జవాబివ్వండి' అంటూనే ఉంటాడు. అవతలివాడు జవాబిస్తూనే ఉంటాడు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున బేస్ నుంచి ఊళ్లకు ఆదేశాలు వెళ్తే చాలదు. గండి ఎక్కడ పడింది, నెలలు నిండిన మనిషి ఏ ఇంట్లో ఉంది, తాగునీళ్లు ఎక్కడ లేవు అనే కబుర్లన్నీ ఊళ్ల నుంచి బేస్‌కు రావాలి. మనకు ఏ దిశ ఎక్కువ అవసరమో ఆ దిశే బలహీనంగా ఉంటోంది. నేను దీన్ని చిన్న లోపంగా చూడలేను.

ఇలాంటి ఫిర్యాదుతోనే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు నన్ను పిలిచారు. గోదావరి డెల్టాలో ఒక మండల కేంద్రం, రెండంతస్తుల మేడ. డాబా మీద ఇనుప గొట్టానికి యాంటెన్నా, కింద గదిలో 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్. బయట తిరిగేవాళ్ల చేతుల్లో 5 వాట్ల హ్యాండీలు. వాడుతున్నది 144-146 మెగాహెర్ట్జ్ హ్యామ్ బ్యాండ్, లైసెన్సులన్నీ సక్రమంగానే ఉన్నాయి. నేను వెళ్లేసరికి వాళ్లు ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు: 25 వాట్ల సెట్ తీసేసి 50 వాట్లది కొంటాం అని. కొటేషన్ కూడా తెప్పించుకున్నారు. దాన్ని పక్కన పెట్టమని అడిగాను. ఎందుకో చెబుతాను.

రేడియో తరంగం వెళ్లే దారికి రానూపోనూ నష్టం ఒక్కటే. ఒకే ఫ్రీక్వెన్సీ మీద బేస్ నుంచి లంకకు వెళ్లేటప్పుడు కొబ్బరితోటలు, ఇళ్లు, దూరం కలిసి సిగ్నల్‌ని ఎంత తినేస్తాయో, లంక నుంచి బేస్‌కు వచ్చేటప్పుడూ సరిగ్గా అంతే తినేస్తాయి. యాంటెన్నా కూడా అంతే. పంపేటప్పుడు ఎంత గెయిన్, అంటే సిగ్నల్‌కు ఎంత బలం, ఇస్తుందో అందుకునేటప్పుడూ అంతే ఇస్తుంది. కేబుల్‌లో పోయేదీ రెండు వైపులా సమానమే. మరి తేడా ఎక్కడి నుంచి వస్తోంది? రెండే చోట్ల నుంచి రావాలి. ఒకటి, రెండు సెట్ల పంపే శక్తిలో తేడా. రెండోది, రెండు సెట్లు వినగలిగే తీరులో తేడా. వినడం అంటే సెట్ సున్నితత్వం ఒక్కటే కాదు, ఆ సెట్ ఉన్న చోట ఎంత రొద ఉందన్నది కూడా అందులో భాగమే. జాతరలో లౌడ్‌స్పీకర్ కింద నిలబడి మాట్లాడేవాడికి చెవులు బాగానే ఉంటాయి, అయినా ఎదుటివాడు చెప్పేది వినిపించదు. మన బేస్ సెట్లు చాలావాటి పరిస్థితి ఇదే.

మొదటి తేడాకు లెక్క సులువు. డీబీ అంటే డెసిబెల్, సిగ్నల్ ఎన్ని రెట్లు పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత. 25 వాట్లకూ 5 వాట్లకూ తేడా 7 డీబీ. చదునైన నేల మీద, హ్యాండీ మనిషి చేతి ఎత్తులో ఉన్నప్పుడు, దూరం రెండింతలైతే సిగ్నల్ సుమారు 12 డీబీ పడిపోతుంది. ఆ లెక్కన 7 డీబీ అంటే దూరంలో ఒకటిన్నర రెట్లు. బేస్ మాట 12 కిలోమీటర్లు వినిపిస్తుంటే హ్యాండీ మాట 8 కిలోమీటర్ల వరకైనా రావాలి. ఇది మోటు లెక్కే, అయినా దారి చూపిస్తుంది. వాళ్లకు వస్తున్నది నాలుగున్నర కిలోమీటర్లు. 8 రావలసిన చోట నాలుగున్నర వస్తోందంటే ఇంకో 10 డీబీ ఎక్కడో పోతోంది. ఆ 10 డీబీని పట్టుకోవాలి.

ఇక్కడ 50 వాట్ల సెట్ పెడితే ఏమవుతుంది? 25 నుంచి 50 అంటే 3 డీబీ. బేస్ మాట 12 నుంచి 14 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. హ్యాండీ మాట ఒక్క అడుగు కూడా ఎక్కువ రాదు. మనల్ని వినేవాళ్లు పెరుగుతారు, మనం వినగలిగేవాళ్లు అంతే ఉంటారు.

ఇంకో విషయం జాగ్రత్తగా వినండి, చాలామంది మెకానిక్కులు కూడా ఇక్కడే తికమక పడతారు. 'యాంటెన్నా పాడైతే రెండు వైపులా పాడవ్వాలి కదా, ఒకవైపు బాగానే ఉంది కాబట్టి యాంటెన్నా బాగున్నట్టే' అంటారు. మాట సగమే నిజం. యాంటెన్నా, కేబుల్ లోపం రెండు దిశల్నీ సమానంగానే కోస్తుంది. కానీ బేస్ వైపు 7 డీబీ మిగులు ఉంది. ఆ కోత పడ్డాక కూడా బేస్ మాట హ్యాండీకి ఎలాగో అందుతుంది. మిగులు లేని హ్యాండీ మాట ముందు మునిగిపోతుంది. లోపం రెండు వైపులా ఉన్నా, కనిపించేది మాత్రం ఒకవైపే. అందుకే ఒకవైపు బాగుందని చెప్పి దేన్నీ వదిలేయకూడదు.

ఏది ఏమిటో విడదీయడానికి ఒక పరీక్ష ఉంది. పైసా ఖర్చు లేదు. బేస్ సెట్‌లో పవర్ తగ్గించే మీట ఉంటుంది. దాన్ని 5 వాట్లకు పెట్టండి, హ్యాండీ ఎంతో బేస్ కూడా అంతే. ఇప్పుడు హ్యాండీ పట్టుకున్న మనిషిని మోటార్ సైకిల్ మీద ఊరి బయటికి పంపండి. కిలోమీటరుకొకసారి ఆగి రెండు వైపులా మాట్లాడుకోవాలి, వినిపించిందీ లేనిదీ ఇద్దరూ కాగితం మీద రాసుకోవాలి. రెండు దిశలూ ఇంచుమించు ఒకే చోట తెగిపోతే మీ సెట్లలో తేడా ఏమీ లేదు. అంతకుముందు కనిపించిందంతా పవర్ తేడా వల్లే. అప్పుడు యాంటెన్నా ఎత్తు, కేబుల్ చూసుకోవాలి. అలా కాక, 5 వాట్ల దగ్గర కూడా బేస్ మాట దూరం వెళ్తూ హ్యాండీ మాట దగ్గర్లోనే ఆగిపోతుంటే, బేస్ చెవికి ఏదో అడ్డం పడిందని రూఢి. లేదా హ్యాండీ నిజంగా 5 వాట్లు పంపట్లేదు. ఈ రెండే.

హ్యాండీ సంగతి ముందు తేల్చేయండి, అది తొందరగా తేలుతుంది. పవర్ మీటరు, 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులుగా తగిలించే, శక్తిని వేడిగా మార్చేసే సాధనం) పెట్టి కొలవండి. బ్యాటరీ సగం దిగినప్పుడు కూడా ఒకసారి కొలవండి. చాలా హ్యాండీల్లో లో పవర్ మీట వేలు తగిలి మారిపోతుంది, తెర మీద మూలన చిన్న అక్షరం ఒకటే తేడా. ఎవరూ చూడరు.

మేం ఆ ఊళ్లో పరీక్ష చేస్తే 5 వాట్ల దగ్గర కూడా తేడా అలాగే ఉంది. హ్యాండీ పవర్ సరిగ్గానే ఉంది. అంటే వెతకాల్సింది బేస్‌లో.

ముందు సెట్టింగులు చూశాం. లంక దారిలో ఉన్న కుర్రాడు మాట్లాడుతున్నాడని ఫోన్‌లో తెలుసుకుని, అదే సమయంలో బేస్ సెట్ మీద మానిటర్ బటన్ నొక్కి పట్టుకున్నాం. స్క్వెల్చ్ అంటే సిగ్నల్ తగినంత బలంగా లేనప్పుడు స్పీకర్‌ను మూసేసే సెట్టింగు. టోన్ అంటే మాటతో పాటు వెళ్లే గుర్తు ధ్వని, అది వస్తేనే స్పీకర్ తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. ఆ బటన్ ఈ రెంటినీ తీసేస్తుంది, సెట్‌కు అందేదంతా స్పీకర్‌లోకి వస్తుంది. బుస్సుమనే రొద వచ్చింది, ఆ రొద అడుగున గొంతు వినిపించింది. మాటలు సగం సగం అర్థమయ్యాయి కూడా. గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి కుర్చీల్లోంచి లేచారు. ఇన్నాళ్లూ అతని మాట మేడ దాకా వస్తూనే ఉంది, బిగించిన స్క్వెల్చ్ దాన్ని ఆపేసింది.

స్క్వెల్చ్ ఎందుకు అంత బిగించారంటే, రోజంతా ఆ బుస్సు భరించలేక. ఎవరో ఒక ఆపరేటర్ దాన్ని పైకి తిప్పాడు, తరవాతి వాళ్లు అలాగే వదిలేశారు. స్క్వెల్చ్ ఎప్పుడూ బుస్సు ఆగే చోటు నుంచి ఒక్క మెట్టు మాత్రమే పైన ఉండాలి. టోన్ సంగతి కూడా చూడండి. బేస్‌లో 88.5 హెర్ట్జ్ టోన్ వస్తేనే స్పీకర్ తెరుచుకునేలా పెట్టి, హ్యాండీలో ఆ టోన్ పంపడం పెట్టకపోతే, పక్క వీధిలో నుంచి మాట్లాడినా బేస్ నోరు విప్పదు. బేస్ మాట మాత్రం హ్యాండీలో చక్కగా వస్తుంది. దీన్ని రేంజ్ సమస్య అనుకుని యాంటెన్నాలు మార్చినవాళ్లున్నారు. బలహీనమైన సిగ్నల్‌లో టోన్ సరిగ్గా పట్టుబడకపోవడం కూడా ఉంది, అందుకే అత్యవసర సమయంలో బేస్ దగ్గర టోన్ తీసేసి వినడమే మేలని నా అభిప్రాయం. సిగ్నల్ ఎంత వెడల్పు తీసుకోవాలో చెప్పే వైడ్, నారో సెట్టింగు రెండు చోట్లా ఒకటే ఉండేలా చూసుకోండి. హ్యాండీ నారోలో ఉండి బేస్ వైడ్‌లో ఉంటే గొంతు పీలగా వస్తుంది.

ఇక అసలు విషయం, ఆ బుస్సు. ఇక్కడ కొంచెం సేపు ఆగుదాం, ఎందుకంటే ఈ రోజుల్లో బేస్ స్టేషన్లను చెవిటివి చేస్తున్నది ఎక్కువగా ఇదే.

మంచి వీహెచ్‌ఎఫ్ సెట్‌కు మైక్రోవోల్ట్‌లో నాలుగో వంతు సిగ్నల్ వస్తే చాలు, మాట అర్థమవుతుంది. కానీ అది బల్ల మీద, ప్రయోగశాలలో. మేడ మీద యాంటెన్నా పెట్టి, ఆ మేడ నిండా ఎల్ఈడీ బల్బులు, సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె (డీవీఆర్), వైఫై రౌటర్, ఛార్జర్లు, ఇన్వర్టర్ పెట్టుకుంటే ఆ పావు మైక్రోవోల్ట్ అందులో ఎక్కడో కలిసిపోతుంది. వీటన్నిటిలో ఉండేది ఎస్ఎంపీఎస్. సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ అవుతూ కరెంటును మార్చే సర్క్యూట్ అది. చవకరకం వాటిలో రొదను ఆపే ఫిల్టరు భాగాలు వేయరు. ఆ రొద వైర్ల వెంట పాకుతుంది, వైర్లే యాంటెన్నాలవుతాయి. లంకలో కుర్రాడి హ్యాండీ మాత్రం పొలం గట్టు మీద, ఏ వైరూ లేని చోట ఉంది. వాడి చెవికి ఏ అడ్డూ లేదు.

దీన్ని పట్టుకునే పద్ధతి చెబుతాను. ఎవరూ మాట్లాడనప్పుడు స్క్వెల్చ్ తెరిచి సెట్ మీద సిగ్నల్ గీతలు చూడండి. ఒక్క గీత కూడా ఉండకూడదు. ఆ ఊళ్లో మూడు గీతలు నిలకడగా కనిపించాయి. తరవాత యాంటెన్నా కేబుల్ విప్పి, సెట్ వెనక డమ్మీ లోడ్ బిగించండి. గీతలు పడిపోతే రొద యాంటెన్నా ద్వారా వస్తోంది. పడకపోతే సెట్ పవర్ సప్లై నుంచో సెట్ లోపలి నుంచో వస్తోంది. యాంటెన్నా గానీ డమ్మీ లోడ్ గానీ లేకుండా పొరపాటున కూడా పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కకండి, శక్తిని బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్ పోవచ్చు.

ఎఫ్ఎం సెట్‌లో బుస్సు ఎంత పెరిగిందీ వినికిడితో తెలియదు, రొద తక్కువైనా ఎక్కువైనా స్పీకర్‌లో అది ఒకేలా మోగుతుంది. అందుకే గీతలు చూడాలి. అంతకంటే మంచిది, దూరాన ఒకరిని నిలబెట్టి, మాట సగం బుస్సులో మునిగేంత బలహీనంగా ఉండే చోటు చూసుకుని, అక్కడి నుంచి ఆగకుండా అంకెలు చదివించండి. ఇప్పుడు బేస్ సెట్‌ను 12 వోల్టుల బ్యాటరీ మీదికి మార్చి, మేడ మెయిన్ స్విచ్ దించేయండి. గొంతు ఒక్కసారి తేటపడిందా? దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఇక ఒక్కొక్క స్విచ్చీ పైకి ఎత్తుతూ రండి. ఏ స్విచ్ వేసినప్పుడు గొంతు మళ్లీ మునిగిందో దాని వెంట వెళ్లండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, దాన్నీ ఆపాలి. చాలామంది ఇది మరిచిపోయి 'కరెంటు తీసినా రొద తగ్గలేదు' అంటారు.

మేం అలా చేస్తే ముందు డీవీఆర్ అడాప్టర్ దొరికింది. యాంటెన్నా గొట్టానికి రెండు మీటర్ల దూరంలో, మెట్ల గది గోడకు తగిలించి ఉంది. కెమెరాల వైర్లు ఆ గొట్టానికే చుట్టి డాబా అంచు దాకా తీసుకెళ్లారు. గొట్టం గట్టిగా ఉంది కదా అని. రెండోది మెట్ల గదిలోని ఎల్ఈడీ బల్బు. ఈ రెండూ తీసేస్తే మూడు గీతలు ఒక్కటయ్యాయి. ఆ ఒక్కటి ఎక్కడిదో వెంటనే తేలలేదు. అక్కడి ఆపరేటరే ఒక మాట అన్నాడు: 'సార్, రాత్రిపూట మాకు దూరం వాళ్లు వినిపిస్తారు, పగలే రారు.' పగలు ఉండి రాత్రి పోయే రొద అంటే ముందు సోలార్‌నే అనుమానించాలి. పక్క ఇంటి డాబా మీద ప్యానెళ్లు ఉన్నాయి. ఎండ మీద మబ్బు పడినప్పుడల్లా రొద మారుతోంది. పక్క ఇంటాయనతో మాట్లాడితే అర్థం చేసుకున్నారు, ఇన్వర్టర్ వైర్లకు ఫెర్రైట్ రింగులు (వైర్లలో రొదను అడ్డుకునే కడియాలు) చుట్టనిచ్చారు. దీనికి తిరగేసి ఉంటుంది వీధి దీపాల రొద, సాయంత్రం దీపాలు వెలిగే వేళకు మొదలై తెల్లారి పోతుంది. కాబట్టి ఆపరేటర్లు లాగ్‌బుక్‌లో వేళ రాయాలి. 'వినిపించలేదు' అని రాస్తే చాలదు, ఎప్పుడు వినిపించలేదో రాయాలి.

మందు ఏమిటంటారా, పాడు అడాప్టర్‌ని మార్చడం అన్నిటికంటే చవక. ఫెర్రైట్ రింగులో వైరును ఒక్కసారి దూర్చి వదిలేయకుండా నాలుగైదు చుట్లు తిప్పండి. కెమెరా వైర్లను యాంటెన్నా గొట్టానికి దూరంగా జరపండి. యాంటెన్నాను ఇంటి వైరింగ్ నుంచి ఎంత పైకి, ఎంత దూరంగా పెడితే రొద అంత తగ్గుతుంది. ఎత్తు వల్ల వచ్చే లాభంతో పాటు ఇదీ కలిసొస్తుంది.

ఇప్పుడు కేబుల్. వాళ్లు నాకు ఎస్‌డబ్ల్యుఆర్ మీటర్ చూపించారు. పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే మీటర్ అది, 1 అంటే ఏమీ తిరగనట్టు. అందులో 1.2 ఉంది. 'సార్, యాంటెన్నా అద్భుతంగా ఉంది' అన్నారు. మీటర్ గదిలో, సెట్ పక్కన పెట్టారు. కేబుల్ ఆర్‌జీ-58 అనే సన్న రకం, సుమారు 30 మీటర్లు. కొత్త కేబులే అయినా 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొడవులో దాదాపు 6 డీబీ పోతుంది. అంటే 25 వాట్లు పంపితే యాంటెన్నాకు 6 వాట్లు చేరతాయి, మిగతాదంతా కేబుల్‌లో వేడి. ఇక మీటర్ సంగతి. పైన యాంటెన్నా విరిగి పడిపోయిందనుకుందాం. కేబుల్ చివర ఏమీ లేదు. పంపిన శక్తి 6 డీబీ తగ్గి పైకి వెళ్తుంది, పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, ఇంకో 6 డీబీ తగ్గి కిందికి వస్తుంది. మొత్తం 12 డీబీ తగ్గిన ప్రతిఫలనాన్ని చూసి మీటర్ 1.7 అని చూపిస్తుంది. యాంటెన్నా లేకపోయినా 1.7! కేబుల్ ఎంత పాడైతే మీటర్ అంత అందంగా చూపిస్తుంది. అందుకే మీటర్‌ని ఒక్కసారైనా డాబా మీదికి తీసుకెళ్లి, కేబుల్ పై కొనకు పవర్ మీటరు, డమ్మీ లోడ్ తగిలించి ఎన్ని వాట్లు వస్తున్నాయో చూడండి. కింద ఎంత, పైన ఎంత, ఆ రెండు అంకెలే కేబుల్ ఆరోగ్యం.

మేం చూస్తే పైన 3 వాట్లు కూడా రాలేదు. కనెక్టర్ విప్పి కేబుల్ తొడుగు చాకుతో చీల్చితే, లోపలి అల్లిక రాగి రంగులో మెరవాల్సింది నల్లగా బొగ్గులా ఉంది. చీల్చుకుంటూ వెళ్తే ఒక మీటరు దాకా నలుపే. కనెక్టర్ మీద ఇన్సులేషన్ టేప్ చుట్టారు, ఎండకు జిగురు ఎండి ఊడిపోయింది, రెండు వానాకాలాల నీళ్లు లోపలికి దిగాయి. ఉప్పు గాలి ఉన్న మన తీరంలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అలాంటి కేబుల్‌ని కొంత కోసి మళ్లీ వాడొద్దు, మొత్తం మార్చేయండి. అదే 30 మీటర్లకు ఆర్‌జీ-213 అయితే మూడు డీబీ లోపు, ఎల్ఎంఆర్-400 అయితే ఒకటిన్నర డీబీ పోతుంది. కనెక్టర్‌కు ముందు తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేప్ సాగదీసి చుట్టి, దాని మీద మామూలు టేప్ చుట్టాలి. కేబుల్ గదిలోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

రొద ఉన్నప్పుడు కేబుల్ మార్చినా వినికిడిలో పెద్ద తేడా కనిపించదు, ఎందుకంటే మంచి కేబుల్ సిగ్నల్‌తో పాటు రొదనూ ఎక్కువగా తెస్తుంది. అందుకని రొద ముందు, కేబుల్ తరవాత. క్రమం తప్పితే డబ్బు ఖర్చయ్యాక 'ఏమీ మారలేదే' అనిపిస్తుంది.

పక్కనే సెల్ టవరో ఎఫ్ఎం స్టేషనో ఉంటే సంగతి వేరు. అక్కడ పెద్ద సిగ్నల్ సెట్ ముందు భాగాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. వినేటప్పుడు మాత్రం 6 లేదా 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే సాధనం) మధ్యలో పెట్టి చూడండి. సిగ్నల్ తగ్గించినా మాట తేటపడితే అది ఓవర్‌లోడ్, మన బ్యాండ్‌ను మాత్రమే రానిచ్చే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ కావాలి. చవక హ్యాండీని డాబా మీది పెద్ద యాంటెన్నాకు తగిలించి బేస్‌లా వాడేవాళ్లకు ఈ ఇబ్బంది తరచూ వస్తుంది.

హ్యాండీ చివర ఏం చేయొచ్చో చూద్దాం. సెట్‌తో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా పదిహేను, పదిహేడు సెంటీమీటర్లు ఉంటుంది. ఈ బ్యాండ్‌లో పావు తరంగం అంటే సుమారు 50 సెంటీమీటర్లు. ఆ పొడవు యాంటెన్నా మారిస్తే కొన్ని డీబీలు నేరుగా దక్కుతాయి. ఇంకో చిట్కా, 50 సెంటీమీటర్ల వైరు ముక్కను యాంటెన్నా కనెక్టర్ బయటి లోహపు భాగానికి తగిలేలా బిగించి కిందికి వేలాడదీయండి. యాంటెన్నాకు రెండో సగం దొరికినట్టవుతుంది. సెట్‌ను నిటారుగా, నోటికి కొంచెం దూరంగా పట్టుకోవాలి. పడుకోబెట్టి పట్టుకుంటే బేస్ యాంటెన్నా నిలువుగా ఉంది కాబట్టి సిగ్నల్ బాగా పడిపోతుంది. నడుముకు తగిలించి, భుజం మీద స్పీకర్ మైక్‌తో మాట్లాడటం చూడటానికి బాగుంటుంది. కానీ అప్పుడు సిగ్నల్ బయల్దేరేది తుంటి దగ్గర నుంచి, సగం మీ ఒంట్లోకే పోతుంది. దూరం ఉన్నప్పుడు సెట్ చేతిలోకి తీసుకోండి. వినిపించకపోతే ఒక మీటరు పక్కకు జరిగి మళ్లీ ప్రయత్నించండి. ప్రతిఫలనాల వల్ల ఒక్క అడుగులో సిగ్నల్ చచ్చిపోతుంది, ఇంకో అడుగులో బతుకుతుంది.

బేస్ యాంటెన్నా ఎత్తుకు ఒక లెక్క ఉంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే రేడియో దిగంతం, అంటే భూమి వంపు అడ్డురాకుండా తరంగం వెళ్లే దూరం, కిలోమీటర్లలో వస్తుంది. 9 మీటర్ల ఎత్తుకు 12 కిలోమీటర్ల పైచిలుకు, 25 మీటర్లకు ఇరవై పైచిలుకు. చేతిలో హ్యాండీ వైపు నుంచి ఇంకో 5 కలపండి. ఎత్తు రెండు దిశలకూ సమానంగా మేలు చేస్తుంది. అందుకే పవర్‌కు పెట్టే డబ్బు గొట్టానికి పెట్టమంటాను.

ఆ ఊళ్లో అడాప్టర్, బల్బు, కేబుల్ మార్చి, స్క్వెల్చ్ దించి, గొట్టం పొడవు పెంచాక లంకలోంచి కుర్రాడు మాట్లాడితే కొంచెం బుస్సుతో ప్రతి మాటా అర్థమైంది. బేస్ 25 వాట్ల సెట్టే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: సార్, డాబా మీద ప్రీయాంప్లిఫైయర్ పెడితే వినికిడి పెరుగుతుందంటారు, పెట్టమంటారా?)

ప్రీయాంప్లిఫైయర్ అంటే సెట్‌కు చేరేలోపే సిగ్నల్‌ను పెంచే పెట్టె. రొద లేని చోట, కేబుల్ పొడవుగా ఉండటం తప్పనిసరైనప్పుడు మేలు చేస్తుందండీ. అదీ యాంటెన్నా దగ్గర, కేబుల్‌కు పైన పెడితేనే. కింద సెట్ పక్కన పెడితే అప్పటికే పోయింది తిరిగి రాదు. రొద ఉన్న చోట మాత్రం అది రొదనూ పెంచుతుంది, ఓవర్‌లోడ్ కూడా తెచ్చిపెడుతుంది. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు దాన్ని పక్కకు తప్పించే రిలే ఉండాలి, లేకపోతే మొదటిసారి నొక్కగానే కాలిపోతుంది.

(ప్రశ్న: డిజిటల్ సెట్లు కొంటే ఈ తేడా పోతుందా అండీ?)

పోదు. దారి అదే, పవర్ తేడా అదే, రొద అదే. డిజిటల్‌లో బుస్సు ఉండదు కాబట్టి మాట ఒక హద్దు దాకా తేటగా వచ్చి హఠాత్తుగా ఆగిపోతుంది. ఎనలాగ్‌లో అయితే మానిటర్ బటన్ నొక్కి రొద అడుగున గొంతును పట్టుకోగలం, అక్కడ ఆ అవకాశం లేదు. తప్పు వెతకడానికి ఎనలాగ్ సెట్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

(ప్రశ్న: ఇవన్నీ చేసినా తుఫాను రోజున లంక మాట అందకపోతే?)

మధ్యలో మనిషిని పెట్టుకోవాలమ్మా. లంకకూ బేస్‌కూ మధ్య ఊళ్లో, స్కూలు డాబా లాంటి ఎత్తైన చోట ఒక హ్యాండీ, రెండు బ్యాటరీలు. బేస్ మాట లంకకు నేరుగా వెళ్తుంది కాబట్టి ఆయన ఒక్క దిశలోనే మాట అందిస్తే చాలు, పని సగం తగ్గుతుంది. లంక చెప్పింది కాగితం మీద రాసుకుని, ఉన్నది ఉన్నట్టు చదవాలి, తన మాటల్లో చెప్పకూడదు. బేస్ దాన్ని తిరిగి చదువుతుంది. ఆ చదివింది లంకకు నేరుగా వినిపిస్తుంది కాబట్టి, తప్పుంటే వాళ్లే వెంటనే మధ్య మనిషికి చెప్పి సరిచేయిస్తారు. ఆ మనిషి ఎవరు, ఏ డాబా మీద అన్నది ఇప్పుడే, ఈ సమావేశంలోనే పేర్లు రాసుకుందాం. మండలం మ్యాపు ఆ బల్ల మీద ఉంది, అందరూ ఇటు రండి.